పగిలిన సీసా ముక్క సముద్రంలో రంగు గులకరాయిగా ఎలా మారుతుంది?

ప్రశ్న – తీరరేఖ

కొన్ని సముద్ర తీరాల్లో గులకరాళ్ల మధ్య ఆకుపచ్చ, గోధుమ, తెలుపు, అరుదుగా నీలం రంగుల్లో చిన్న చిన్న ముక్కలు కనిపిస్తాయి. చూడగానే రంగురాళ్లే అనిపిస్తాయి గానీ, చేతిలోకి తీసుకుని వెలుతురుకు అడ్డంగా పట్టి చూస్తే అవి ఎప్పుడో పగిలిపోయిన సీసాల పెంకులని తెలుస్తుంది. వాటి అంచులు ఎక్కడా గుచ్చుకోవు. పైభాగమంతా మసకగా ఉండి, వేలితో రాస్తే సన్నని గరుకు తగులుతుంది. పగిలిన రోజున చేతిని కోసేసే పెంకు ఈ స్థితికి ఎలా చేరుతుందో తెలుసుకోవాలని చాలాకాలంగా ఉంది.

అడిగినప్పుడల్లా రెండు సమాధానాలు వినిపిస్తున్నాయి. ఇసుక రాపిడికి అరిగిపోతుందని కొందరు అంటారు. ఉప్పునీరు గాజును తినేస్తుందని మరికొందరు అంటారు. రెండింటితోనూ నాకు తృప్తి కలగలేదు. ఇసుక రాపిడి ఒక్కటే కారణమైతే మెత్తటి ఇసుక తీరాల్లోనే ఈ ముక్కలు ఎక్కువగా దొరకాలి; కానీ అవి గులకరాళ్లు, బండలు ఉన్న చోట్లే ఎక్కువగా దొరుకుతున్నాయి. పోనీ ఉప్పునీరే కారణమనుకుంటే, మునిగిపోయిన ఓడల్లోంచి వంద, రెండు వందల ఏళ్ల తరవాత పైకి తీసిన సీసాలు ఆకారం చెడకుండా, మూతి అంచులతో సహా నిలిచి ఉండడం ఎలా సాధ్యం?

వీటితోపాటు మరికొన్ని సందేహాలున్నాయి. ఒక పెంకు ఇలా మారడానికి ఎంతకాలం పడుతుంది? కొన్ని తీరాల్లో గుట్టలుగా ఉండి, పక్క తీరంలో ఒక్కటీ కనిపించకపోవడానికి కారణం ఏమిటి? నీలం, ఎరుపు అంత అరుదుగా ఎందుకు దొరుకుతాయి? యంత్రంలో అరగదీసిన గాజును సముద్రపు గాజు పేరుతో అమ్ముతున్నారని కూడా విన్నాను. ఆ రెండింటినీ వేరుపరచడానికి మార్గమేదైనా ఉందా? వివరంగా తెలిసినవారు చెబితే కృతజ్ఞుణ్ణి.

సమాధానం – కొలిమి

నేను గాజు తయారీ రంగంలో పనిచేస్తున్నాను కాబట్టి గాజు వైపు నుంచి మొదలుపెడతాను. మీరు లేవనెత్తిన రెండు అభ్యంతరాలూ సరైనవే. రాపిడి, రసాయన చర్య రెండూ కలిసి, ఒకదానికొకటి దారి చూపుకుంటూ సాగితేనే ఆ ముక్క తయారవుతుంది. ఏ ఒక్కటి లేకపోయినా అది అరిగిన పెంకుగానో, రంగు మారిన సీసాగానో మిగిలిపోతుంది.

మామూలు సీసా గాజులో బరువును బట్టి 70 శాతానికి పైగా సిలికా (ఇసుకలోని ముఖ్య పదార్థం), 12 నుంచి 15 శాతం దాకా సోడియం ఆక్సైడ్ (సోడా నుంచి వచ్చేది), 10 శాతం అటూ ఇటూగా కాల్షియం ఆక్సైడ్ (సున్నం) ఉంటాయి. ఇసుకను విడిగా కరిగించాలంటే 1,700 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి కావాలి. సోడా కలిపితే చాలా తక్కువ వేడికే కరుగుతుంది గానీ, సోడా మాత్రమే కలిపిన గాజు నీటిలో నిలవదు. అందుకని సున్నం కూడా చేరుస్తారు. ఈ సోడా సంగతి గుర్తుంచుకోండి, ఎందుకంటే తరవాత సముద్రం చొరబడేది అక్కడి నుంచే.

ముందు రాపిడి గురించి. పదార్థాల గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా కొలిచే మోస్ కాఠిన్య స్కేలు మీద సీసా గాజు స్థానం సుమారు 5.5, ఇసుకలో ఎక్కువగా ఉండే క్వార్ట్జ్ ఖనిజానిది 7. కాబట్టి ఇసుక రేణువు గాజును గీయగలదు, సందేహం లేదు. కానీ నీటిలో కదిలే ఇసుక రేణువుకు బరువు చాలా తక్కువ. గాజును తాకే లోపే నీటి పొర దాని వేగాన్ని చాలావరకు మింగేస్తుంది. పైగా ఇసుక తీరంలో పడిన పెంకు ఎక్కువకాలం పైన ఉండదు, అలలు వెనక్కి పోయేటప్పుడు దాని కిందా చుట్టూ ఉన్న ఇసుక జారిపోవడంతో క్రమంగా కూరుకుపోతుంది. కూరుకుపోయిన పెంకు అరగదు. గులకరాళ్ల తీరంలో పరిస్థితి వేరు. అక్కడ అల విరిగి వెనక్కి వెళ్లేటప్పుడు రాళ్లన్నీ ఒకేసారి దొర్లుతాయి, ఆ గలగల దూరానికి కూడా వినిపిస్తుంది. వాటితోపాటే దొర్లే గాజు ముక్కకు ప్రతి అలకూ కొన్ని దెబ్బలు తగులుతాయి, అలలు రోజంతా ఆగవు.

దెబ్బ తగిలినప్పుడు జరిగేది దగ్గరి నుంచి చూడదగ్గ విషయం. గుండ్రటి రాయి గాజును నేరుగా తాకితే, తాకిన బిందువు చుట్టూ వలయాకారంలో సన్నని పగులు ఏర్పడి లోపలికి శంకువులా విస్తరిస్తుంది. రాయి పక్కనుంచి జారుతూ తాకితే వలయం పూర్తి కాదు, నెలవంక ఆకారంలో సగమే పడుతుంది. ఇటువంటి చిన్న చిన్న నెలవంకలు వేల సంఖ్యలో ఒకదాని మీద ఒకటి పడి, వాటి మధ్యనున్న గాజు పొరలుపొరలుగా ఊడిపోవడమే మనం అరుగుదల అనుకునేది. ఇందులో నీటికి మరో పాత్ర కూడా ఉంది. గాజులో సిలికాన్, ఆక్సిజన్ పరమాణువుల మధ్యనున్న బంధాలను పగులు కొన దగ్గర నీటి అణువు తెంపగలదు. అందువల్ల పొడిగా ఉన్నప్పుడు ఆగిపోయే పగులు, తడిగా ఉన్నప్పుడు తక్కువ ఒత్తిడికే నెమ్మదిగా ముందుకు సాగుతుంది. గాజు నీటిలో మరింత పెళుసుగా ప్రవర్తిస్తుందన్నది మా రంగంలో అందరికీ తెలిసిన విషయమే.

అంచులు ముందుగా ఎందుకు పోతాయంటే, అక్కడ దెబ్బను కాచుకోవడానికి వెనక గాజు తక్కువగా ఉంటుంది, దెబ్బలు తగిలే అవకాశమూ ఎక్కువ. విలియం ఫైరీ అనే గణిత శాస్త్రజ్ఞుడు 1974లో అరిగే రాళ్ల ఆకారం మీద ఒక వ్యాసం రాశాడు. ఉపరితలం ఎక్కడ ఎక్కువగా వంపు తిరిగి ఉందో అక్కడే అరుగుదల వేగంగా సాగుతుందని భావించి, అలా అరుగుతూ పోయే ఆకారం చివరికి గోళం వైపు మళ్లుతుందని ఆయన లెక్క కట్టి చూపాడు. సీసా పెంకు పలచగా, బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి గోళం అయ్యేలోగానే అరిగిపోతుంది. అందుకే మనకు దొరికేవి చాలావరకు బిళ్లలుగా, ముక్కోణపు మూలలు గుండ్రబడిన ఆకారాల్లో ఉంటాయి. సీసా అడుగు, మూతి వంటి మందమైన భాగాలే ఎక్కువకాలం నిలబడతాయి. బల్బుల గాజు వంటి పలచటిది మసకబారే వరకు కూడా మిగలదు.

ఇక రసాయన చర్య. గాజులోని సోడియం అయాన్లు చాలా వదులుగా ఉంటాయి. నీరు తగిలినప్పుడు అవి బయటికి వచ్చేస్తాయి, వాటి స్థానంలోకి నీటి నుంచి హైడ్రోజన్ అయాన్లు చేరతాయి. అలా పై పొర సోడా కోల్పోయి, నీరు పట్టిన సిలికాగా మారి బలహీనపడుతుంది. బయటికి వచ్చిన సోడియం వల్ల పగుళ్లలో చిక్కుకున్న కొద్దిపాటి నీటి క్షారత పెరుగుతుంది, క్షారత పెరిగిన నీరు సిలికా జాలాన్నే కరిగించడం మొదలుపెడుతుంది. కనుక నెలవంక పగుళ్లు చేసిన దారిలోకి నీరు వెళ్లి వాటిని వెడల్పు చేస్తుంది, వెడల్పయిన చోట తరవాతి దెబ్బకు గాజు సులువుగా ఊడుతుంది. ఊడిన చోట తాజా గాజు మళ్లీ నీటికి తగులుతుంది. చేతికి తగిలే ఆ సన్నని గరుకు ఈ రెండు పనుల ఉమ్మడి ఫలితం.

ఓడల్లోని సీసాల విషయంలో మీ సందేహం కూడా దీనితోనే తీరుతుంది. అవి అలల తాకిడి అందని లోతుల్లో, తరచుగా బురదలో కూరుకుని ఉంటాయి. నీరు వాటి పై పొరను మారుస్తుంది, కొన్నిటి మీద ఇంద్రధనుస్సు రంగులతో మెరిసే పొరలు కూడా ఏర్పడతాయి. కానీ దెబ్బలు లేవు కాబట్టి ఆకారం చెడదు.

సమాధానం – ఒడ్డునడక

కొలిమి గారి వివరణ చదివాక తీరాల విషయం రాయాలనిపించింది. చాలామంది ఇదంతా సముద్రం సహజంగా చేసే పని అనుకుంటారు, కానీ పేరున్న గాజు తీరాలన్నింటి వెనకా మనుషులు ఏళ్ల తరబడి పారబోసిన చెత్త ఉంది. సముద్రం ఎక్కడైనా ఒకటే. పక్క తీరంలో గాజు లేదంటే అక్కడ ఎవరూ పారబోయలేదనో, పారబోసినా నిలవడానికి, దొర్లడానికి తగిన నేల లేదనో అర్థం.

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రపు ఫోర్ట్ బ్రాగ్ పట్టణం ఇందుకు బాగా తెలిసిన ఉదాహరణ. 1906 నుంచి 1967 దాకా ఆ ఊరి చెత్తను సముద్రపు ఒడ్డున కొండచరియల మీదుగా కిందికి పారబోసేవారు. ఒక చోటు నిండిపోయాక 1943లో రెండో చోటికి, 1949లో మూడో చోటికి మారారు. ఇంట్లో పగిలిన సీసాలే కాదు, పాత యంత్రాలు, కార్లు కూడా అక్కడికే చేరేవి. గుట్ట ఎత్తు తగ్గించడానికి అప్పుడప్పుడు నిప్పు పెట్టేవారు; అందుకే అక్కడ దొరికిన కొన్ని ముక్కల్లో కరిగి మళ్లీ గడ్డకట్టిన గాజు, లోపల చిక్కుకున్న ఇసుక, బొగ్గు కనిపిస్తాయి. 1967లో పారబోయడం నిలిపివేశారు. తరవాత ఇనుము, ఇతర చెత్తను చాలావరకు తొలగించారు, గాజు మాత్రం అలల చేతిలోనే మిగిలింది. 2002లో ఒక తీరభాగాన్ని మ్యాకెరిచర్ స్టేట్ పార్కులో కలిపారు, ఆ పార్కు పరిధిలో గాజు ముక్కలను ఏరుకుని తీసుకుపోవడం నిషేధం.

ఇంగ్లండులో డర్హం కౌంటీలోని సీహమ్ కథ వేరు, నా ఉద్దేశంలో అన్నిటికంటే ఆసక్తికరమైనది కూడా అదే. అక్కడ పారబోసింది ఇళ్ల చెత్త కాదు, ఫ్యాక్టరీ వ్యర్థం. జాన్ క్యాండ్లిష్ 1850లలో స్థాపించిన లండన్‌డెరీ సీసాల కర్మాగారం 1921లో మూతపడే దాకా అక్కడ పనిచేసింది, రోజుకు 20,000 దాకా సీసాలు తయారు చేసేదని చెబుతారు. పగిలిన సీసాలనూ, గాజు కరిగించే కుండల్లో మిగిలిన గాజునూ ఉత్తర సముద్రంలోకి వదిలేవారు. వేర్వేరు రంగుల గాజు కుండల అడుగుమడ్డి ఒకదానితో ఒకటి కలిసి గడ్డకట్టడం వల్ల ఒకే ముక్కలో రెండు, మూడు, నాలుగు రంగులు పొరలుగా కనిపించే గాజు అక్కడ దొరుకుతుంది. సీసా నుంచి వచ్చిన పెంకులో అలాంటి పొరలు ఉండే అవకాశం లేదు. ఇవి మందమైన ముద్దలుగా మొదలవుతాయి కాబట్టి వందేళ్లు దాటినా ఇంకా మిగిలి ఉన్నాయి, గుండ్రటి గోళీల్లా అరిగినవి కూడా ఎక్కువగా అక్కడే దొరుకుతాయి. కొలిమి గారు చెప్పిన గోళం లెక్క ఇక్కడ నిజంగానే కళ్లకు కడుతుంది.

రష్యాలో వ్లాదివొస్తోక్ దగ్గర ఉస్సూరి అఖాతంలోనూ ఇలాంటి తీరం ఉంది. సోవియట్ కాలంలో పారబోసిన గాజు, పింగాణీ వ్యర్థాలే దానికి మూలం. హవాయిలోని కవాయి దీవిలో హనపెపె దగ్గర ఒక గాజు తీరం ఉంది, అక్కడ నల్లని లావా రాళ్ల మధ్య ముక్కలు మెరుస్తాయి.

కాలం సంగతి. మసక పూర్తిగా పట్టి, అంచులన్నీ గుండ్రబడటానికి 20 నుంచి 40 ఏళ్లు అని సాధారణంగా చెప్పుకుంటారు, ఇంకా ఎక్కువ పట్టినవి కూడా ఉంటాయి. ఈ అంకెను నేను సూటిగా నమ్మను. ఏడాది పొడుగునా పెద్ద అలలు విరిగే రాతి తీరంలో దొర్లిన ముక్కకూ, సగం కాలం ఇసుకలో పాతుకుపోయి తుపాను వచ్చినప్పుడు మాత్రమే బయటపడే ముక్కకూ ఒకే వయసు ఉండవచ్చు, అరుగుదల మాత్రం ఒకటి కాదు. అందువల్ల మసకను చూసి వయసు చెప్పడం కంటే సీసా తయారీ గుర్తులను చూసి చెప్పడం మేలు. అచ్చు అతుకు గీత మూతి పైదాకా వెళ్లిందా, మూతి విడిగా అతికించారా, అడుగున అక్షరాలేమైనా మిగిలాయా అన్నవి ఎక్కువ సమాచారం ఇస్తాయి. అతుకు గీత మూతి పై అంచు దాకా వెళ్లినదైతే అది యంత్రంలో తయారైనదే, అంటే చాలావరకు 20వ శతాబ్దానిది.

వెతకదలచినవారికి ఒక మాట. పౌర్ణమి, అమావాస్యల సమయంలో నీరు మిగతా రోజులకంటే ఎక్కువ దూరం వెనక్కి పోతుంది కాబట్టి ఆ పాటు వేళ మంచిది. పెద్ద తుపాను తరవాతైతే అడుగున పాతుకున్నవి కూడా పైకి వస్తాయి. చూడవలసింది నీటి అంచున ఉన్న ఇసుకలో కాదు, పోటు గీత పొడవునా గులకరాళ్లు వరుసగా పోగుపడిన పట్టీలో. సీసా గాజు, క్వార్ట్జ్ రాయి సాంద్రతలు దాదాపు సమానం – గాజుకు 2.5, క్వార్ట్జ్‌కు 2.65 – కాబట్టి అలలు ఒకే పరిమాణం ఉన్న రాళ్లనూ గాజునూ ఒకే చోటికి చేరుస్తాయి. వేలి గోరంత గాజు కావాలంటే వేలి గోరంత గులకరాళ్లున్న చోటే చూడాలి.

సమాధానం – రంగురాయి

రంగుల ప్రశ్నకు నేను సమాధానం రాస్తాను. ముందుగా ఒక విషయం స్పష్టం చేయాలి: సముద్రం ఏ రంగునూ పుట్టించదు. ఆ రంగు కొలిమిలోనే వచ్చింది. ఎండ వల్ల మారే ఒకటి రెండు సందర్భాలు మాత్రమే ఇందుకు మినహాయింపు, వాటి గురించి కింద రాశాను.

ఏ రంగు ఎంత దొరుకుతుందన్నది ఆ రంగు సీసాలు ఎంత వాడారన్న దానిమీదే ఆధారపడుతుంది. తెలుపు, ఆకుపచ్చ, గోధుమ రంగులు అంత విరివిగా దొరకడానికి కారణం పానీయాల సీసాలు చాలావరకు ఆ మూడు రంగుల్లోనే రావడం. ఇసుకలో ఎప్పుడూ కొంత ఇనుము ఉంటుంది, దాని వల్ల గాజుకు లేత ఆకుపచ్చ, నీలిపచ్చ ఛాయలు వాటంతట అవే వస్తాయి. పాత ఔషధాల సీసాలు, నిల్వ జాడీలు ఆ ఛాయలో ఉండటానికి కారణం అదే. గోధుమ రంగు ఇనుము, గంధకం, కార్బన్ కలయికతో వస్తుంది. అది నీలి, అతినీలలోహిత కాంతిని అడ్డుకుంటుంది కాబట్టి వెలుతురు తగిలితే రుచి చెడే బీరుకు ఆ సీసాలే వాడారు. ముదురు నీలానికి కోబాల్ట్ ఆక్సైడ్ కావాలి. చాలా తక్కువ మోతాదు సరిపోతుంది గానీ, కోబాల్ట్ ఖరీదైనది. కొన్ని రకాల మందులకూ, విషపదార్థాలకూ, సుగంధ ద్రవ్యాలకూ మాత్రమే నీలి సీసాలు వాడేవారు. అందుకే గుప్పెడు గాజు ఏరితే అందులో ఒక్క నీలం ముక్క ఉండటమే గొప్ప.

ఎరుపు ఇంకా అరుదు. ఆ రంగు కోసం బంగారం, రాగి లేదా సెలీనియం సమ్మేళనాలు వాడాలి, తయారీలో వేడిని జాగ్రత్తగా అదుపు చేయాలి. సీసాలకు అంత ఖర్చు పెట్టడం అరుదు. కనుక తీరంలో దొరికే ఎరుపు చాలావరకు దీపాల అద్దాల నుంచి, అలంకరణ పాత్రల నుంచి వచ్చినదై ఉంటుంది. నారింజ రంగును సేకర్తలు అన్నిటికంటే అరుదైనదిగా లెక్కిస్తారు. ఆ రంగు గాజు అసలు తయారైందే తక్కువ.

ఎండ చేసే మార్పు ఇక్కడే వస్తుంది. ఇనుము వల్ల వచ్చే పచ్చదనాన్ని పోగొట్టి తెల్లని గాజు చేయడానికి ఒకప్పుడు మాంగనీస్ కలిపేవారు, 1880ల నుంచి మొదటి ప్రపంచ యుద్ధం దాకా ఇది విరివిగా సాగింది. అటువంటి గాజు ఏళ్ల తరబడి ఎండలో ఉంటే అతినీలలోహిత కిరణాలు మాంగనీస్ అయాన్ల స్థితిని మారుస్తాయి, తెల్లని గాజు క్రమంగా లేత ఊదా రంగుకు తిరుగుతుంది. యుద్ధకాలంలో మాంగనీస్ సరఫరా దెబ్బతిన్నాక చాలామంది తయారీదారులు సెలీనియానికి మారారు, ఆ గాజు ఎండకు లేత గడ్డిపసుపుగా మారుతుంది. కాబట్టి లేత ఊదా ముక్క దొరికితే దాని వయసు వందేళ్లకు పైబడి ఉండవచ్చు. అయితే మొదటి నుంచీ ఊదాగానే తయారుచేసిన గాజు కూడా ఉంది, దాని రంగు సాధారణంగా ఇంతకంటే ముదురుగా ఉంటుంది.

నల్లగా కనిపించే మందపు ముక్కలను రాళ్లనుకుని చాలామంది వదిలేస్తారు. వాటిని ఎండకు పట్టి చూస్తే అంచున ముదురు ఆకుపచ్చో గోధుమో కనిపిస్తుంది. పాతకాలంలో మద్యం సీసాలకు ఇనుము ఎక్కువగా ఉన్న మందపు గాజు వాడేవారు. తీరంలో దొరికే ముక్కల్లో చాలా పాతవి తరచుగా ఇవే.

మళ్లీ – తీరరేఖ

ముగ్గురికీ ధన్యవాదాలు. ఇంత వివరంగా వస్తుందని ఊహించలేదు. రెండు విషయాలు ఇంకా మిగిలాయి. ఈ ముక్కలు తడిగా ఉన్నప్పుడు దాదాపు పారదర్శకంగా, రంగు ముదిరి కనిపిస్తాయి. ఆరగానే మళ్లీ మసకబారిపోతాయి. మసక అనేది గాజు మీద పట్టిన పొర అయితే తడిపినంత మాత్రాన ఎలా పోతుంది? అలాగే, నకిలీల సంగతి ఇంకా తేలలేదు.

సమాధానం – నిలకడనీరు

వాటికి సమాధానం కొలిమి గారు చెప్పడమే మంచిది. నేను మరో సంగతి చెప్పాలనుకుంటున్నాను, ఎందుకంటే ఈ చర్చ చదివినవారికి సముద్రంలో గాజు పారేయడం మేలేనన్న అభిప్రాయం కలిగే ప్రమాదం ఉంది.

సముద్రపు గాజు తగ్గిపోతోందన్నది నిజం. 20వ శతాబ్దపు రెండో సగం నుంచి సీసాల స్థానాన్ని ప్లాస్టిక్ ఆక్రమించింది, తీరాల్లో చెత్త పారబోయడం చాలా చోట్ల ఆగింది. ఓడల నుంచి చెత్త వేయడాన్ని నియంత్రించే మార్పోల్ ఒప్పందపు ఐదో అనుబంధం 1988 చివరి రోజున అమలులోకి వచ్చింది. 2013 జనవరి 1 నుంచి అమలైన సవరణ ప్రకారం గాజుతో సహా దాదాపు అన్నిరకాల చెత్తను సముద్రంలో వేయడం నిషేధం. పాత నిల్వ అరిగిపోతోంది, కొంత సందర్శకుల జేబుల్లోకి పోతోంది. దీని గురించి బాధపడేవారిని చూశాను, పగిలిన గాజును తిరిగి తీరంలో వేసి నింపితే బాగుంటుందని వాదించేవారినీ విన్నాను. ఆ వాదన నాకు సమ్మతం కాదు. అంచులు గుండ్రబడే ఆ మొదటి సంవత్సరాలన్నీ అవి పదునైన పెంకులే. ఒడ్డున నడిచే కాళ్లకూ, ఒడ్డున మేత వెతుక్కునే పక్షులకూ, జంతువులకూ అవి గాయాలు చేస్తాయి. పైగా గాజును నాణ్యత తగ్గకుండా ఎన్నిసార్లయినా కరిగించి తిరిగి వాడవచ్చు. కొత్త గాజు తయారీలో పాత గాజు పెంకును 10 శాతం చేర్చిన ప్రతిసారీ కొలిమికి కావలసిన శక్తి సుమారు 2.5 నుంచి 3 శాతం తగ్గుతుంది. సీసా చేరవలసిన చోటు కొలిమి.

మరో సంగతి కూడా గమనించాలి. గాజు తీరాలకు మూలం చెత్తకుప్పలు కాబట్టి గాజుతోపాటు ఇంకేమేమి ఉన్నాయో చూసి చెప్పడానికి వీల్లేదు. న్యూయార్క్ నగరంలో బ్రూక్లిన్‌లోని డెడ్ హార్స్ బే తీరం పాత సీసాలకు పేరు పొందింది. అక్కడి చెత్తలో రేడియోధార్మిక పదార్థాలు బయటపడటంతో 2020లో అధికారులు ఆ తీరంలోని ఒక భాగాన్ని మూసివేశారు.

సమాధానం – కొలిమి

నిలకడనీరు గారితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. పాత గాజు పెంకు మా కొలిమికి ముడిసరుకు, దాన్ని నీటిపాలు చేయడం చూస్తే నాకు నిజంగా కష్టంగా ఉంటుంది.

తీరరేఖ గారి మొదటి ప్రశ్న. ఆ మసకలో చాలా భాగం పొర కాదు, అది ఉపరితలం ఆకారమే. లక్షల కొద్దీ సూక్ష్మమైన గుంటలు, గట్లు ఉన్న గాజును తాకిన కాంతి ఒక్కో చోట ఒక్కో దిశలో వంగి చెదిరిపోతుంది. అలా చెదిరిన తెల్లని వెలుతురు లోపలి రంగు మీద కప్పినట్టు కనబడుతుంది. కాంతి ఎంత వంగుతుందన్నది గాజు, దానికి ఆనుకున్న పదార్థం వక్రీభవన గుణకాల (కాంతిని ఎంతగా వంచుతాయో చెప్పే అంకెల) తేడా మీద ఆధారపడుతుంది. గాజుకు అది సుమారు 1.52, గాలికి 1, నీటికి 1.33. గుంటల్లో గాలి ఉన్నప్పుడు తేడా ఎక్కువ, నీరు నిండినప్పుడు తక్కువ. అందుకని తడి ముక్కలో కాంతి అంతగా చెదరకుండా లోపలికి పోయి, గాజు రంగును మోసుకుంటూ బయటికి వస్తుంది. నూనె అంటిన కాగితం వెలుతురుకు పారదర్శకంగా కనిపించడంలోనూ ఇదే సూత్రం పనిచేస్తుంది. నూనె గుణకం గాజుకు ఇంకా దగ్గర కాబట్టి, ముక్కకు నూనె రాస్తే నీటితో కంటే ఎక్కువ స్పష్టంగా ఉంటుంది, త్వరగా ఆరదు కూడా. అమ్మేవారు కొందరు ఫొటోలు తీసేముందు అలా రాస్తారు.

నకిలీల విషయం. యంత్రంలో చేసే పద్ధతులు రెండు. డ్రమ్ములో గాజు పెంకులు, నీళ్లు, రాపిడి పొడి వేసి రోజుల తరబడి తిప్పడం ఒకటి. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం వంటి వాటితో ఉపరితలాన్ని మసకబార్చడం మరొకటి. ఆమ్లంతో చేసిన దాని మసక అన్ని వైపులా ఒకే రీతిలో ఉంటుంది, పట్టుకుంటే పట్టులా జారుతుంది. డ్రమ్ములో తిప్పినదానికి అంచులు గుండ్రబడతాయి గానీ, సన్నటి పొడి నూరినందువల్ల ఉపరితలం మరీ సమంగా వస్తుంది. సముద్రంలో అరిగినదాన్ని పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దంతో చూడండి. ముందు నేను చెప్పిన నెలవంక పగుళ్లు పైన అక్కడక్కడా, వేర్వేరు పరిమాణాల్లో, వేర్వేరు దిశల్లో కనిపిస్తాయి. కొన్ని తాజావి, కొన్ని నీరు తినేసి వెడల్పయినవి. ఒక వైపు బాగా అరిగి, మరో వైపు తక్కువ అరిగి ఉండటం కూడా మామూలే. సీసా లోపలి వైపు పుటాకారంగా ఉంటుంది కాబట్టి గులకరాళ్ల దెబ్బలు దానికి తక్కువ తగులుతాయి. అక్కడ మసక పలచగా ఉంటుంది.

అరుదైన రంగుల్లో, ఒకే పరిమాణంలో, ఒకే మందంలో సంచులకొద్దీ అమ్మకానికి ఉంటే అవి తీరంలో ఏరినవి కావని భూతద్దం లేకుండానే చెప్పవచ్చు. అతినీలలోహిత దీపం కింద ప్రకాశవంతమైన ఆకుపచ్చగా వెలిగే లేత పసుపుపచ్చ ముక్క దొరికితే మాత్రం అది యురేనియం కలిపిన పాత గాజు కావచ్చు. 19వ శతాబ్దపు మధ్య నుంచి రెండో ప్రపంచ యుద్ధం దాకా అలంకరణ పాత్రలకు దాన్ని బాగా వాడారు. అయితే ఈ వెలుగు గాజు దేనితో తయారైందో మాత్రమే చెబుతుంది, అది ఎక్కడ అరిగిందో చెప్పదు. దానికి మళ్లీ నెలవంకలనే వెతకాలి.